భద్రాచలం ప్రాంతంలో ఆరోగ్యశ్రీ

ఆరోగ్యశ్రీ పేద కుటుంబాలకు ఖరీదైన వైద్యాన్ని ఉచితంగా అందించడానికి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2007లో ప్రారంభించిన ఆరోగ్య పథకం. లబ్ధిదారులను గుర్తించడం, చికిత్సల జాబితాను తయారు చేయడం, ఆసుపత్రులకు చెల్లించే ధరలను నిర్ణయించడం అన్నీ రాష్ట్రప్రభుత్వమే తన అధికారంతో, తన సొమ్ముతో చేసిన పథకంగా ఇది దేశంలో పేరు పొందింది. తరువాత అనేక రాష్ట్రాలు ఇటువంటి పథకాలను చేపట్టాయి. పేదల వైద్య బీమాపై కేంద్రానికి ఎంత అధికారం ఉండాలి, రాష్ట్రాలకు ఎంత ఉండాలి అన్న చర్చలో ఆరోగ్యశ్రీ తరచుగా ఉదాహరణగా చెప్పబడుతుంది. తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిషా రాష్ట్రాల సరిహద్దులు దగ్గరదగ్గరగా ఉన్న భద్రాచలం అటవీ ప్రాంతంలో ఈ చర్చకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉన్నది. ఇక్కడ రోగి ఇంటినుండి ఆసుపత్రికి వెళ్ళే దారిలోనే రాష్ట్రం మారవచ్చును. రాష్ట్రం మారితే పథకం కూడా మారుతుంది.

రాజ్యాంగంలో వైద్యం స్థానం

భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 6వ అంశం ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆసుపత్రులు, డిస్పెన్సరీలు. అంటే ఈ విషయాలపై చట్టాలు చేసే అధికారం సాధారణంగా రాష్ట్ర శాసనసభలకే ఉన్నది. అయితే వైద్యానికి సంబంధించిన అన్ని విషయాలూ రాష్ట్రాల చేతిలో లేవు. బీమా కేంద్ర జాబితాలో 47వ అంశం. సామాజిక భద్రత, సామాజిక బీమా ఉమ్మడి జాబితాలో 23వ అంశం. వైద్య విద్య కూడా ఉమ్మడి జాబితా పరిధిలోకే వస్తుంది. ఒక రాష్ట్రంనుండి మరొక రాష్ట్రానికి అంటువ్యాధులు వ్యాపించకుండా నివారించడం ఉమ్మడి జాబితాలో 29వ అంశం. సరిహద్దు అడవులలో మలేరియా నివారణకు ఈ చివరి అంశం నేరుగా వర్తిస్తుంది.

ప్రజల పోషకాహార స్థాయిని, ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ ప్రాథమిక విధులలో ఒకటి అని 47వ అధికరణం చెబుతుంది. ఆదేశిక సూత్రాలలో ఒకటి కావడం వలన ఇది కేంద్రానికీ, రాష్ట్రాలకూ సమానంగా వర్తిస్తుంది. ఏ ప్రజాప్రయోజనం కోసమైనా, అది తన శాసనాధికార పరిధిలో లేకపోయినా, కేంద్రం గ్రాంటులు ఇవ్వడానికి 282వ అధికరణం వీలు కల్పిస్తుంది. రాష్ట్ర జాబితాలోని వైద్యరంగంలో కేంద్ర ప్రాయోజిత పథకాలు నడవడానికి ఇదే ప్రధానమైన ఆధారం. ఈ విధంగా అధికారం ఒకచోట, డబ్బు మరొకచోట ఉండడమే కేంద్ర, రాష్ట్రాల మధ్య వచ్చే వివాదాలకు మూలం.

15వ ఆర్థిక సంఘం ఏర్పాటు చేసిన ఉన్నతస్థాయి బృందం 2019లో ఆరోగ్యాన్ని ఉమ్మడి జాబితాలోకి మార్చాలని సూచించింది. ఆర్థిక సంఘం అధ్యక్షుడు ఎన్.కె.సింగ్ 2021లో ఇదే అభిప్రాయాన్ని వెలిబుచ్చాడు. రాష్ట్రాల అధికారాన్ని సమర్థించేవారు ఈ సూచనను వ్యతిరేకించారు. అదే ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యరంగంలో ఖర్చు చేయడానికి 70,051 కోట్ల రూపాయల గ్రాంటును సిఫారసు చేసింది. అంటే అధికారాన్ని రాష్ట్రం నుండి పైకి తీసుకొని వెళ్ళాలన్న ఆలోచన, రాష్ట్రం నుండి కిందికి పంచాయితీలకు దించాలన్న ఆలోచన ఒకే కాలంలో కలిసి సాగాయి.

పథకం చరిత్ర

ఆరోగ్యశ్రీకి ముందు ఆంధ్ర ప్రదేశ్‌లో పెద్ద జబ్బులు వచ్చిన పేదలకు ముఖ్యమంత్రి సహాయనిధి నుండి ఆర్థిక సహాయం అందేది. దీనికి దరఖాస్తు చేసుకోవలసి ఉండేది. రాజధాని వరకు వెళ్ళగలిగినవారికి, ప్రజాప్రతినిధుల సిఫారసు దొరికినవారికి ఇది కొంత సులభం. మారుమూల ఏజెన్సీ గ్రామాలవారికి కష్టం. దీనిని హక్కుతో కూడిన ఏర్పాటుగా మార్చాలన్న ఆలోచన నుండి ఆరోగ్యశ్రీ పుట్టింది.

అప్పటి ముఖ్యమంత్రి వై.యస్.రాజశేఖరరెడ్డి స్వయంగా వైద్యుడు. ఆయన ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్ నగర్, శ్రీకాకుళం జిల్లాలలో ఈ పథకాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. మొదటి విడతలో ఖమ్మం జిల్లా లేదు. విడతలవారీగా విస్తరించిన పథకం 2008 జూలై నాటికి అప్పటి 23 జిల్లాలకూ చేరింది. నిర్వహణకు ఆరోగ్యశ్రీ హెల్త్ కేర్ ట్రస్టు ఏర్పాటు చేయబడింది. దీనికి ముఖ్యమంత్రి అధ్యక్షుడు.

ప్రారంభంలో ఇది బీమా పద్ధతిలో నడిచింది. కుటుంబాల తరఫున ప్రభుత్వం స్టార్ హెల్త్ బీమా సంస్థకు ప్రీమియం చెల్లించేది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయల వరకు, అవసరమైతే అదనంగా మరో 50 వేల రూపాయల వరకు చికిత్స లభించేది. 2008 జూలై 17న ఆరోగ్యశ్రీ-2 పేరుతో మరిన్ని చికిత్సలు చేర్చబడ్డాయి. వీటి ఖర్చును బీమా సంస్థతో సంబంధం లేకుండా ట్రస్టు నేరుగా భరించింది. తరువాతి సంవత్సరాలలో పథకం మొత్తం ట్రస్టు పద్ధతికి మారింది. చికిత్సల సంఖ్య 900 దాటింది. 2011లో 133 చికిత్సలు ప్రభుత్వ ఆసుపత్రులకు మాత్రమే కేటాయించబడ్డాయి.

2014 జూన్ 2న రాష్ట్ర విభజనతో పథకం కూడా రెండయింది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇది ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2019 తరువాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అని, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ అని పేరు మారింది. ఉమ్మడి రాష్ట్రంలో 2 లక్షలుగా ఉన్న పరిమితి విభజన తరువాత అక్కడ రెండున్నర లక్షలకు, ఆపై 5 లక్షలకు, 2023 డిసెంబరులో 25 లక్షల రూపాయలకు పెరిగింది. 2025 సెప్టెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం రెండున్నర లక్షల వరకు బీమా సంస్థలు, అంతకు మించినది ట్రస్టు భరించే మిశ్రమ విధానానికి ఆమోదం తెలిపింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ అన్న పేరు కొనసాగింది. పరిమితి 2023లో 5 లక్షలకు, అదే సంవత్సరం డిసెంబరు 9న 10 లక్షల రూపాయలకు పెంచబడింది. 2024లో 163 కొత్త చికిత్సలు చేర్చబడ్డాయి. ప్యాకేజీ ధరలు కూడా సవరించబడ్డాయి.

పథకం పనిచేసే విధానం

పథకం ప్రారంభంలో తెల్ల రేషను కార్డు ఉన్న కుటుంబాన్ని అర్హత గల కుటుంబంగా పరిగణించారు. ప్రత్యేకంగా సర్వే చేయించకుండా అప్పటికే ఉన్న కార్డును ఆధారంగా తీసుకోవడం వలన పథకం త్వరగా విస్తరించింది. తెలంగాణలో తరువాత తెల్ల కార్డుల స్థానంలో ఆహారభద్రత కార్డులు వచ్చాయి.

రోగి మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, ఆరోగ్య శిబిరానికో, నేరుగా నెట్‌వర్క్ ఆసుపత్రికో వెళ్తాడు. నెట్‌వర్క్ ఆసుపత్రి అంటే పథకంలో చేరడానికి ట్రస్టుతో ఒప్పందం చేసుకొన్న ప్రభుత్వ లేదా ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి రోగి కార్డును పరిశీలించి నమోదు చేస్తాడు. వైద్యులు పరీక్షలు చేసి, చికిత్స అవసరమని తేలితే ముందస్తు అనుమతి కోసం ట్రస్టుకు వివరాలు పంపుతారు. ట్రస్టు వైద్యులు అనుమతించిన తరువాత చికిత్స జరుగుతుంది. రోగి డబ్బు చెల్లించనవసరం లేదు. ప్రతి చికిత్సకు ముందే నిర్ణయించిన మొత్తాన్ని ప్యాకేజీ అంటారు. ఆసుపత్రి క్లెయిము పంపిన తరువాత ట్రస్టు ఆ మొత్తాన్ని చెల్లిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రి చికిత్స చేసినా క్లెయిము సొమ్ము వస్తుంది. అందులో కొంత భాగం ఆసుపత్రి అభివృద్ధికి, కొంత భాగం చికిత్సలో పాల్గొన్న సిబ్బందికి ప్రోత్సాహకంగా చెందుతుంది.

ఈ వ్యవస్థలో రాష్ట్రప్రభుత్వం చేతిలో ఉన్న ప్రధానమైన నిర్ణయాలు ఐదు: ఎవరు అర్హులు, ఏ చికిత్సలు జాబితాలో ఉండాలి, ఒక్కొక్క చికిత్సకు ఎంత చెల్లించాలి, ఏ ఆసుపత్రులను చేర్చుకోవాలి, బీమా సంస్థ ద్వారా నడపాలా లేక ట్రస్టు ద్వారానా. రాష్ట్రాలకు అధికారం అన్న మాటకు ఆచరణలో అర్థం ఈ ఐదు నిర్ణయాలే.

కేంద్ర పథకాలతో సంబంధం

కేంద్ర ప్రభుత్వం 2008లో రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనను ప్రారంభించింది. ఇందులో ఐదుగురు సభ్యులున్న పేద కుటుంబానికి ఏడాదికి 30 వేల రూపాయల వరకు చికిత్స లభించేది. ప్రీమియంలో 75 శాతం కేంద్రం, 25 శాతం రాష్ట్రం భరించేవి. సొంత పథకం ఉన్న ఆంధ్ర ప్రదేశ్ ఆరోగ్యశ్రీతోనే కొనసాగింది. రెండు పథకాల దృష్టి కూడా వేరు. కేంద్ర పథకం చిన్న మొత్తంలో సాధారణ చికిత్సలకు ఉపయోగపడేది. ఆరోగ్యశ్రీ గుండె, మూత్రపిండాలు, క్యాన్సరు వంటి పెద్ద జబ్బులపై కేంద్రీకరించింది.

2018 సెప్టెంబరు 23న రాంచీలో ఆయుష్మాన్ భారత్ - ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన ప్రారంభమైంది. 10.74 కోట్ల కుటుంబాలకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స దీని లక్ష్యం. లబ్ధిదారులను 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన ఆధారంగా గుర్తించారు. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలలో కేంద్రం వాటా 90 శాతం. బీమా పద్ధతి, ట్రస్టు పద్ధతి, మిశ్రమ పద్ధతులలో దేనినైనా ఎంచుకొనే స్వేచ్ఛ రాష్ట్రాలకు ఇవ్వబడింది. రాష్ట్రాలు తమ సొంత పథకాన్ని దీనితో కలిపి నడపవచ్చును.

ఆంధ్ర ప్రదేశ్ ఈ పథకంలో చేరింది. తెలంగాణ మొదట చేరలేదు. ఆరోగ్యశ్రీ పరిధిలోని కుటుంబాల కన్నా కేంద్ర జాబితాలోని కుటుంబాలు తక్కువ అనీ, తమ పథకమే మెరుగైనదనీ తెలంగాణ ప్రభుత్వం వాదించింది. 2020 డిసెంబరులో చేరాలని నిర్ణయించి, 2021 మే నెలలో ఒప్పందం చేసుకొన్నది. ఆ తరువాత రెండు పథకాలూ కలిపి అమలు చేయబడ్డాయి. పశ్చిమ బెంగాల్ 2019లో వైదొలగింది. ఒడిషా తన సొంత బిజూ స్వాస్థ్య కళ్యాణ్ యోజనను నడిపి, 2025లో కేంద్ర పథకంలో చేరింది. ఛత్తీస్‌గఢ్ కేంద్ర పథకాన్ని తన రాష్ట్ర పథకంతో కలిపి అమలు చేసింది. 2024 అక్టోబరులో 70 సంవత్సరాలు దాటినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, కేంద్ర పథకం వర్తింపజేయబడింది.

భద్రాచలం ప్రాంతం

భద్రాచలం గోదావరి నది ఒడ్డున ఉన్న పుణ్యక్షేత్రం. శ్రీ సీతారామచంద్రస్వామి ఆలయం వలన దేశమంతటా ప్రసిద్ధి చెందింది. పట్టణం చుట్టూ ఉన్నది రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కిందకు వచ్చే ఏజెన్సీ ప్రాంతం. కోయలు, కొండరెడ్లు ఇక్కడి ప్రధాన గిరిజన తెగలు. కొండరెడ్లను ప్రభుత్వం ప్రత్యేకంగా రక్షించవలసిన ఆదిమ తెగలలో ఒకటిగా గుర్తించింది. గిరిజనాభివృద్ధికి భద్రాచలంలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పనిచేస్తున్నది.

పరిపాలనాపరంగా ఈ ప్రాంతం అనేక మార్పులకు లోనయింది. భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు తూర్పు గోదావరి జిల్లానుండి 1959లో ఖమ్మం జిల్లాకు మార్చబడ్డాయి. 2014 మే నెలలో జారీ అయిన ఆర్డినెన్సు, జూలైలో పార్లమెంటు ఆమోదించిన సవరణ చట్టం ప్రకారం పోలవరం ప్రాజెక్టు ముంపు దృష్ట్యా చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు, భద్రాచలం రెవెన్యూ గ్రామం మినహా భద్రాచలం మండలం ఆంధ్ర ప్రదేశ్‌లో కలిశాయి. పట్టణం తెలంగాణలో మిగిలింది. దాని చుట్టూ ఉన్న పల్లెలలో అనేకం మరొక రాష్ట్రానికి వెళ్ళాయి. పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక, కన్నాయిగూడెం, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయితీలను తిరిగి తెలంగాణలో కలపాలన్న కోరిక అప్పటినుండి వినబడుతున్నది. 2016 అక్టోబరు 11న భద్రాచలం కొత్తగా ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఆంధ్ర ప్రదేశ్‌కు వెళ్ళిన మండలాలు మొదట ఉభయ గోదావరి జిల్లాలలో ఉండి, 2022 ఏప్రిల్‌లో కొన్ని అల్లూరి సీతారామరాజు జిల్లాలో, కొన్ని ఏలూరు జిల్లాలో చేర్చబడ్డాయి.

చింతూరుకు ఆవల ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాకు చెందిన కుంట, ఒడిషాలోని మల్కనగిరి జిల్లాకు చెందిన మోటు వస్తాయి. బంధుత్వాలు, సంతలు, కోయభాష ఈ నాలుగు రాష్ట్రాల ప్రజలను కలిపి ఉంచుతాయి. ఇక్కడివారికి రాష్ట్రాల సరిహద్దులు ఎక్కువగా కార్డులలోనే కనిపిస్తాయి.

ఆరోగ్య సమస్యలు

మలేరియా ఈ అడవులలో చాలాకాలంగా ఉన్న సమస్య. వానాకాలంలో జ్వరాలు పెరుగుతాయి. రక్తహీనత, పోషకాహార లోపం, క్షయ, పాముకాట్లు ఇతర సమస్యలు. గిరిజనులలో కనిపించే వంశపారంపర్య రక్తవ్యాధి సికిల్ సెల్ ఎనీమియా. 2023 జూలై 1న కేంద్రం ఈ వ్యాధి నిర్మూలనకు జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

గోదావరి వరదలు వైద్యసేవలకు పెద్ద ఆటంకం. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ఇటువంటి సమయాలలో రోడ్లు మునిగి ఊళ్ళకు రాకపోకలు ఆగిపోతాయి. వాగులు పొంగినప్పుడు గర్భిణులను మంచంమీద మోసుకొని రావలసిన పరిస్థితి లోపలి గ్రామాలలో ఉన్నది. ఎంత పెద్ద మొత్తానికి కార్డు ఉన్నా, వాగు దాటించే వంతెన లేనిచోట అది ఆసుపత్రి వరకు చేర్చలేదు.

భద్రాచలం ప్రాంతీయ ఆసుపత్రి

భద్రాచలం పట్టణంలోని ప్రభుత్వ ప్రాంతీయ ఆసుపత్రి వైద్య విధాన పరిషత్తు ఆధ్వర్యంలో పనిచేస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు, బోధనాసుపత్రులకు మధ్యస్థాయిలో ఉన్న ఆసుపత్రులను నిర్వహించడానికి 1986 నాటి చట్టం ద్వారా ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ పరిషత్తు ఏర్పడింది. విభజన తరువాత తెలంగాణకు వేరుగా పరిషత్తు వచ్చింది.

ఈ ఆసుపత్రికి తెలంగాణలోని ఏజెన్సీ మండలాలనుండే గాక ఆంధ్ర ప్రదేశ్‌కు వెళ్ళిన మండలాలనుండి, ఛత్తీస్‌గఢ్, ఒడిషా సరిహద్దు గ్రామాలనుండి కూడా రోగులు వస్తారు. సాధారణ వైద్యం, ప్రసూతి సేవలు ఇక్కడ కార్డుతో నిమిత్తం లేకుండా ఉచితం. అందువలన ఆరోగ్యశ్రీ కార్డు లేకపోయినా జ్వరానికీ, కాన్పుకూ వైద్యం దొరుకుతుంది. కార్డు అవసరం తరువాతి మెట్టులో వస్తుంది. గుండె ఆపరేషను, మెదడు శస్త్రచికిత్స, క్యాన్సరు వైద్యం వంటివి కావలసినప్పుడు రోగిని ఖమ్మం, వరంగల్, హైదరాబాదు వంటి నగరాలకు పంపవలసి ఉంటుంది. భద్రాచలంనుండి ఖమ్మం సుమారు 120 కిలోమీటర్లు, హైదరాబాదు 300 కిలోమీటర్లకు పైగా ఉంటాయి. అక్కడి నెట్‌వర్క్ ఆసుపత్రిలో రోగి ఏ రాష్ట్రానికి చెందినవాడు అన్న ప్రశ్న వస్తుంది.

2022లో కొత్తగూడెంలో, 2023లో ఖమ్మంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఇవి బలపడేకొద్దీ రోగులు ప్రయాణం చేయవలసిన దూరం తగ్గుతుంది. ఈ కళాశాలల స్థాపన కూడా రాష్ట్రప్రభుత్వ నిర్ణయమే.

సరిహద్దు, పథకాల వర్తింపు

కేంద్ర పథకంలోని ముఖ్యమైన నియమం దేశవ్యాప్త వర్తింపు. పథకంలో చేరిన ఒక రాష్ట్రపు లబ్ధిదారు, చేరిన మరొక రాష్ట్రంలోని నెట్‌వర్క్ ఆసుపత్రిలో చికిత్స పొందవచ్చును. ఖర్చును సొంత రాష్ట్రం భరిస్తుంది. రెండు రాష్ట్రాలూ చేరినప్పుడే ఈ నియమం పనిచేస్తుంది.

భద్రాచలం విషయంలో దీని ప్రభావం స్పష్టం. 2018 సెప్టెంబరు నుండి 2021 మే వరకు ఛత్తీస్‌గఢ్ కేంద్ర పథకంలో ఉన్నా, తెలంగాణ లేదు. కాబట్టి కుంట ప్రాంతపు రోగికి కార్డు ఉన్నా, దానితో తెలంగాణలో ఈ నియమం కింద చికిత్స పొందే వీలు లేకపోయింది. 2021 తరువాత నియమం ప్రకారం ఆ వీలు కలిగింది. మల్కనగిరివారికి ఒడిషా చేరిన 2025 వరకు ఆ అవకాశం రాలేదు.

ఏటపాక, చింతూరు వైపు కుటుంబాల పరిస్థితి వేరు. 2014 వరకు వీరికీ భద్రాచలం పట్టణవాసులకూ ఒకే ఆరోగ్యశ్రీ. విభజనతో వీరి కార్డులు ఆంధ్ర ప్రదేశ్ ట్రస్టు కిందకు వెళ్ళాయి. దగ్గరలోని పెద్ద ఊరు, బస్సులు వెళ్ళే దారి మాత్రం తెలంగాణలోనే ఉండిపోయాయి. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరు 1 నుండి హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు నగరాలలోని ఎంపిక చేసిన ఆసుపత్రులలో 716 చికిత్సలకు తన పథకాన్ని వర్తింపజేసింది. ఇది రాష్ట్రం తన అధికారంతోనే సరిహద్దు దాటి ఏర్పాటు చేయగలదనడానికి ఉదాహరణ. అయితే కేంద్ర పథకపు దేశవ్యాప్త వర్తింపు కేంద్ర జాబితాలోని లబ్ధిదారులకు ఉద్దేశించినది. రాష్ట్రం తన సొంత ఖర్చుతో అదనంగా చేర్చుకొన్న కుటుంబాలకు పొరుగు రాష్ట్రంలో చికిత్స లభించడం రాష్ట్రాల మధ్య ఏర్పాట్లపై ఆధారపడి ఉంటుంది.

కార్డు లేనివారు

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం ప్రారంభమైన తరువాత హింసకు భయపడి అనేక గిరిజన కుటుంబాలు అప్పటి దంతెవాడ జిల్లానుండి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవులకు తరలివచ్చాయి. వీరిని స్థానికంగా గుత్తికోయలు అంటారు. సొంత రాష్ట్రంలో షెడ్యూల్డు తెగలకు చెందినవారైనా, వలస వచ్చినచోట ఆ గుర్తింపు వర్తించలేదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందునుండి సాగులో ఉన్న భూములకే వర్తిస్తుంది కాబట్టి భూమి హక్కులు పొందడం కూడా కష్టమైంది.

నివాస ధృవీకరణ లేనిదే రేషను కార్డు రాదు. రేషను కార్డు లేనిదే ఆరోగ్యశ్రీకి అర్హత లేదు. సొంత రాష్ట్రపు జాబితాలోనూ ఊరు విడిచి వచ్చినవారి పేర్లు ఉండడం అనుమానమే. ఈ విధంగా అత్యంత పేదలలో కొందరు రెండు రాష్ట్రాల పథకాలకూ, కేంద్ర పథకానికీ బయట ఉండిపోయే ప్రమాదం ఉన్నది. వీరి విషయంలో అధికారం కేంద్రానిదా, రాష్ట్రానిదా అన్న ప్రశ్న కన్నా, పేరు ఏ జాబితాలో ఎక్కించాలి అన్న ప్రశ్న ముందుది.

రాష్ట్రాల అధికారంపై వాదనలు

అనుకూల వాదనలు

* రాష్ట్రం తన ప్రజల జబ్బులకు తగినట్లు చికిత్సల జాబితాను తయారు చేసుకోగలదు.
* స్థానికంగా ఆమోదం పొందిన రేషను కార్డును వాడుకోవడం వలన ఆరోగ్యశ్రీ ఎక్కువ కుటుంబాలకు చేరింది. 2011 గణన జాబితా తరువాత ఏర్పడిన కుటుంబాలను, మారిన పరిస్థితులను చూపలేదు.
* కొత్త పద్ధతులను ఒక రాష్ట్రం ప్రయోగించి చూస్తే ఇతర రాష్ట్రాలు నేర్చుకొంటాయి. ఆరోగ్యశ్రీ తరువాత తమిళనాడు 2009లో కలైజ్ఞర్ బీమా పథకాన్ని, కర్ణాటక వాజపేయి ఆరోగ్యశ్రీని, మహారాష్ట్ర 2012లో రాజీవ్ గాంధీ జీవన్‌దాయీ ఆరోగ్య యోజనను ప్రారంభించాయి.
* పథకంలో లోపం ఉంటే ప్రజలు ప్రశ్నించవలసిన ప్రభుత్వం దగ్గరలోనే ఉంటుంది.

ప్రతికూల వాదనలు

* ధనిక రాష్ట్రాలు ఎక్కువ, పేద రాష్ట్రాలు తక్కువ ఖర్చు చేయడం వలన ఒకే జబ్బుకు రాష్ట్రాన్ని బట్టి వేర్వేరు వైద్యం దొరుకుతుంది. శబరికి ఇవతల ఒక పరిమితి, అవతల మరొక పరిమితి ఉంటుంది.
* వలస కూలీలు, సరిహద్దు ప్రజలు నష్టపోతారు.
* ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు, కార్డు, నియమాలు మారి చదువురాని లబ్ధిదారులు గందరగోళపడతారు.
* రాష్ట్ర ఖజానా ఇబ్బందులలో ఉంటే బకాయిలు పేరుకొంటాయి. తెలంగాణలో బకాయిల కారణంగా ప్రైవేటు ఆసుపత్రులు 2019 ఆగస్టులోనూ, 2025 సెప్టెంబరులోనూ ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేశాయి.

ఇతర దేశాలలో

సమాఖ్య దేశాలలో ఇదే చర్చ వేర్వేరు రూపాలలో సాగింది. కెనడాలో సస్కాచ్వాన్ రాష్ట్రం 1947లో ఆసుపత్రి బీమాను, 1962లో వైద్య బీమాను ప్రవేశపెట్టింది. దానిని ఆదర్శంగా తీసుకొని కేంద్రం 1966లో చట్టం చేసింది. 1984 నాటి కెనడా ఆరోగ్య చట్టం ప్రకారం రాష్ట్రాలే పథకాన్ని నడుపుతాయి. అయితే కేంద్ర నిధులు కావాలంటే ఐదు షరతులు పాటించాలి. ఒక రాష్ట్రపు బీమా మరొక రాష్ట్రంలోనూ చెల్లడం వాటిలో ఒకటి.

అమెరికాలో పేదల కోసం 1965లో ఏర్పడిన మెడికెయిడ్‌ను రాష్ట్రాలు నడుపుతాయి. ఖర్చులో సగం, అంతకు మించి కేంద్రం భరిస్తుంది. నిర్ణీత మొత్తాన్ని గ్రాంటుగా ఇచ్చి నిర్వహణను పూర్తిగా రాష్ట్రాలకే వదిలివేయాలన్న ప్రతిపాదన అక్కడ పలుమార్లు వచ్చింది. 1995లో కాంగ్రెసు ఆమోదించిన అటువంటి బిల్లును అధ్యక్షుడు క్లింటన్ తిరస్కరించాడు. స్వేచ్ఛ పెరుగుతుందని సమర్థకులు, జబ్బులు పెరిగినా నిధులు పెరగవని వ్యతిరేకులు వాదిస్తారు. 2012లో అక్కడి సుప్రీం కోర్టు పథకం విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. చేరని రాష్ట్రాలలోని పేదలు కొందరు బీమా లేకుండా మిగిలారు.

విమర్శలు

ఆరోగ్యశ్రీపై వచ్చిన ప్రధానమైన విమర్శ, అది పెద్దాసుపత్రుల వైద్యానికి ప్రాధాన్యమిచ్చి ప్రాథమిక వైద్యాన్ని నిర్లక్ష్యం చేసిందన్నది. బీమా సొమ్ములో అధికభాగం ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్ళిందని, ఆ డబ్బుతో ప్రభుత్వ ఆసుపత్రులను బలపరచి ఉండవచ్చునని కొందరు నిపుణులు వాదించారు. అవసరం లేకపోయినా గర్భసంచి తొలగింపు ఆపరేషనులు చేశారన్న ఆరోపణలు వచ్చాయి.

భద్రాచలం ప్రాంతానికి సంబంధించి మరొక అంశం గమనించదగినది. మలేరియా, క్షయ, బోదకాలు వంటి జబ్బులకు జాతీయ కార్యక్రమాలు ఉన్నందున అవి తొలినాళ్ళలో ఆరోగ్యశ్రీ పరిధినుండి మినహాయించబడ్డాయి. అడవిలో ఎక్కువమందికి వచ్చే జబ్బులు ఇవే. వీటికి కావలసింది పెద్ద మొత్తపు కార్డు కాదు. దోమతెరలు, సకాలంలో రక్తపరీక్ష, గ్రామంలో ఆశా కార్యకర్త వద్ద మాత్రలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యుడు కావాలి. మైదాన ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని రాష్ట్ర రాజధానిలో తయారైన జాబితా ఏజెన్సీకి సరిపోకపోవచ్చు. ఢిల్లీలో తయారైన జాబితాకూ ఇదే వర్తిస్తుంది. ఐదవ షెడ్యూలు ప్రాంతాలకు వేరుగా ప్రణాళిక ఉండాలనీ, గిరిజనాభివృద్ధి సంస్థలకు, గ్రామసభలకు అందులో పాత్ర ఉండాలనీ చేసే సూచనలకు ఇదే ఆధారం.

సరిహద్దు జిల్లాల మధ్య మలేరియా నివారణ చర్యలను ఒకే సమయంలో చేపట్టడం, ఇరుగుపొరుగు రాష్ట్రాల ట్రస్టులు ఒకరి కార్డును మరొకరు గుర్తించడం, నివాస పత్రాలు లేని కుటుంబాలను తాత్కాలికంగానైనా నమోదు చేయడం ఈ ప్రాంతం విషయంలో పరిశీలించదగిన మార్గాలు. వీటిలో దేనికీ రాజ్యాంగ సవరణ అవసరం లేదు. రాష్ట్రాలకు ఇప్పటికే ఉన్న అధికారం సరిపోతుంది.